లెంటులో తాళం పడిన పాటలు

రాజమండ్రి,
లెంటు నాలుగో వారం, మంగళవారం ఉదయం.

ప్రియమైన తమ్ముడు ప్రభుదాసుకు,

అక్క సుగుణ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, అమ్మాయి రాణి, మనవరాలు షారోన్ దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. నువ్వు, మరదలు మేరీ, పిల్లలు ఎలా ఉన్నారో రాయి. నీ షుగరు ఎంత ఉందో అంకెతో సహా రాయి. "బాగానే ఉంది" అని రాస్తే అది జవాబు కాదు. సుందరమ్మ పిన్ని మెట్లు దిగగలుగుతోందా? ఆవిడకు మందులు ఎవరు గుర్తు చేస్తున్నారు?

ఖరగ్‌పూర్ రైలు కాలనీ వదిలి వచ్చి నేటికి పదకొండు వారాలు. ఈలోగా నీకు నాలుగు ఉత్తరాలు రాశాను, నువ్వు రెండు రాశావు. ఫోనులో మాట్లాడుకుంటున్నాం కదా అంటావు. ఫోనులో నేను చెప్పలేని సంగతి ఒకటి ఉంది. ఇది నీకు యాభై ఏళ్ళ కిందట చెప్పవలసిన సంగతి. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. అయినా వరుసగా చెబుతాను. తొందరపడి చివరి పేజీ తిప్పకు.

ముందుగా నా గురించి బెంగ పెట్టుకోకు. ఎండలు అప్పుడే ముదిరాయి. మన దగ్గర ఎండ ఎర్రమట్టి మీద పడి పొడిగా కాలుస్తుంది. ఇక్కడిది గోదావరి తేమతో కలిసి ఒంటికి అంటుకుంటుంది. పొద్దున పదింటికల్లా జాకెట్టు తడిసిపోతుంది. తిండికి లోటు లేదు. రాణి ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తూ రొయ్యలు తెస్తుంది. లెంటు నలభై రోజులూ నేను నీచు ముట్టనని తెలుసు కనుక నాకు వేరే పనసపొట్టు కూర, మజ్జిగపులుసు చేస్తుంది. మోకాళ్ళు ఒక పూట మాట వింటాయి, ఒక పూట వినవు. అంతే, వేరే జబ్బు ఏదీ లేదు.

ఒంటరితనం ఉంది. లేదని రాస్తే అబద్ధమవుతుంది. తొమ్మిది నుంచి నాలుగు వరకు ఇంట్లో నేనొక్కదాన్నే. ఇక్కడివాళ్ళు మర్యాదస్థులు. తిట్టేటప్పుడు కూడా "మీకు బుద్ధుందాండీ" అనే తిడతారు. కూరగాయలమ్మే ఆవిడ నా మాట విని, "అమ్మగారిదే ఊరండి? మాట ఏదో తేడాగా ఉందండి," అంది. మా తాతగారిది మొగల్తూరు దగ్గరేనమ్మా అన్నాను. నమ్మలేదు. రైలు ఉద్యోగానికి వెళ్ళిన మనిషి మనవరాలు ముసలిదై తిరిగివస్తే ఊరు మాత్రం ఎలా గుర్తుపడుతుంది?

ఇక షారోన్ ఉద్యోగం సంగతి. నీకు ఫోనులో సరిగ్గా చెప్పలేదు. ఊరి చివర ఒక కాలేజీలో చిన్న రేడియో స్టేషను ఉంది. గోదావరికి ఇటు గట్టున, అటు గట్టున కొన్ని ఊళ్ళకు వినిపిస్తుంది. దూరాన ఉన్నవాళ్ళు ఫోనులో వినొచ్చు. వారమంతా వరి, కొబ్బరి, ఆరోగ్యం, పరీక్షల సంగతులు చెబుతారు. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు మాత్రం షారోన్‌ది. దానికి "పాత తీగలు" అని పేరు పెట్టింది. అమెరికా, ఇంగ్లండు దేశాల పాత పాటలు, అంటే బ్లూస్, సోల్, రాక్, ఇవి వేస్తుంది. ఒక్కొక్క పాట ఎవరు పాడారో, వాళ్ళ బతుకు ఎలా గడిచిందో తెలుగులో చెబుతుంది.

నేను వచ్చిన రెండో వారం, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటానని వెంట తీసుకెళ్ళింది. అక్కడ ఒక రిజిస్టరు ఉంది. ప్రసారమైన ప్రతి పాటా, పాడినవారి పేరు, నిమిషాలు, సెకన్లు అందులో రాయాలి. తెరిచి చూస్తే "పాట, సుమారు 4 ని." అని ఉంది. పేజీలకు పేజీలు సుమారే.

"ఎవరు రాశారిది?" అన్నాను.

"మన అమ్మాయిగారేనండి," అన్నారు వీర్రాజు గారు. ఈయన మిషన్లు చూసే మనిషి. యాభై దాటినవాడు. ధవళేశ్వరం నుంచి స్కూటరు మీద వస్తారు.

"సెకన్లు ఎందుకు లేవు?"

"సెకన్లెవరు లెక్కెడతారండి బాబూ! ఓ పాట అయిపోగానే ఇంకోటి ఎట్టేత్తామండి."

"ఇవాళ్టి నుంచి నేను లెక్కపెడతాను."

"అయితే చచ్చామండి," అన్నారాయన షారోన్ వైపు తిరిగి. నాకు చెముడనుకున్నారు కాబోలు.

ఆ రోజు నుంచి ప్రతి శనివారం అద్దం ఇవతల కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మీ బావగారి చేతిగడియారం ముందుంచుకుని రాస్తున్నాను. మొదటి వారం నాకు అంతా గోలగానే వినిపించింది. రెండో వారం కూడా గోలే, కాకపోతే కొలిచి రాసిన గోల. మూడో వారం షారోన్ ఒక ముసలాయన పాట వేసింది. వెనక వాద్యాలు లేవు. ఒక్క గిటారు, ఒక్క గొంతు. గిటారు తీగ మీద గాజు జారుతున్న చప్పుడు. తీగ మీటినట్టు లేదు, ఎవరో పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంది.

తమ్ముడూ, నువ్వు దగ్గుమందు సీసా మెడ కోయించి, అంచు నున్నగా రాయించి, వేలికి తొడుక్కుని గిటారు వాయించేవాడివి. ఆ సీసా ఎందుకు పగిలిందని నేను నిన్ను రెండు రోజులు నిలదీశాను. నీ వేలి గాజు చప్పుడే ఇది. పాట అయిపోయింది. షారోన్ మాట్లాడుతోంది. నా ముందు గడియారం నడుస్తోంది. ఆ పాటకు సెకన్లు నేను రాయలేదు. ఇప్పటికీ ఆ గడి ఖాళీగానే ఉంది.

ఈ పాటలు ఇక్కడ ఎవరు వింటారని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. కడియంలో మొక్కల నర్సరీలో పనిచేసే ఒకాయన ప్రతి శనివారం ఫోనులో తన గొంతు రికార్డు చేసి పంపుతాడు. "అమ్మా షారోన్ గారండీ, ఆ ముసలాయన పాట ఇంకోసారి ఎయ్యండమ్మా. మొక్కలకి నీళ్ళెట్టుకుంటా వింటన్నానండి. ఆయనకేం కట్టమొచ్చిందో గానండి, మా ఆవిడ పోయినప్పుడు నాక్కూడా ఇలాగే ఉండేదండి." ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి. వీర్రాజు గారు దాన్ని రెండుసార్లు పెట్టుకుని విని, ముక్కు చీదుకుని, "ఏసీ పడట్లేదండి," అన్నారు.

ఇలా ఉండగా లెంటు వచ్చింది. లెంటు మొదలయ్యే బూడిద బుధవారం మర్నాడు మా చర్చి సంఘ పెద్ద సమర్పణరావు గారు ఇంటికి వచ్చారు. మంచి మనిషి. కాఫీ కూడా పుచ్చుకోలేదు, లెంటు కనుక.

"అమ్మగారండి, మీరు పెద్దవారు, చదువుకున్నవారు. మీకు నేను చెప్పేవాణ్ణి కాదండి. మన సంఘంలో పిల్లలు కూడా ఈ నలభై రోజులు సినిమా పాట వినరండి. మన షారోనమ్మ రేడియోలో ఆ లోకపు పాటలు వేస్తుంటే జనం ఏమనుకుంటారండి? నలభై రోజులేనండి. ఆ తర్వాత వేసుకోమనండి."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మీరు చెప్పింది సబబే. ఆపిస్తాను," అన్నాను. పంతులమ్మగా ముప్ఫై ఆరేళ్ళు బతికిన నోరు కదా, తీర్పు చెప్పడానికి దానికి ఆలోచనతో పని ఉండదు.

షారోన్ వాదించలేదు. వాదిస్తే నాకు సులువుగా ఉండేది. తన పాటలన్నీ ఉన్న హార్డ్ డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. నల్లగా, నా బైబిలుకంటే చిన్నగా ఉంది. "నా దగ్గరుంటే వేసేస్తాను అమ్మమ్మా. నీ బీరువాలో పెట్టు," అంది. పెట్టి తాళం వేశాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఈస్టరు అయ్యాక ఇస్తావుగా?"

తాళంచెవి నా చేతిలో ఉంది. "ఇస్తాను" అనే మాట నోట్లోంచి రాలేదు. ఆ మాట నేను ఇంతకుముందు ఒకరికి ఇచ్చాను. నిలబెట్టుకోలేదు.

ఆ శనివారం ఐదింటికి "పాత తీగలు" బదులు భూసార పరీక్షల గురించి ప్రసంగం వచ్చింది. ఇంట్లో కూర్చుని విన్నాను. కడియం ఆయన, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని పంపాడట. ఆదివారం భోజనాలయ్యాక రాణి డ్యూటీకి వెళ్ళింది. షారోన్‌ను కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నాన్న పోయిన మూడో ఏడు. నాకు ఇరవై నాలుగు, నీకు పద్దెనిమిది. పక్క వరుసలో ఫోర్‌మన్ గారి అబ్బాయి రాబిన్ తన గిటారు నీకిచ్చాడు. వాడికి వేరే గిటారు ఉంది. ఇద్దరూ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారాలు వాయించేవారు. జనం వచ్చి నాకు చెప్పేవారు, మీ తమ్ముడి చేతిలో ఏదో ఉందమ్మా అని. నాకు భయం వేసేది. నాన్న లేరు, ఇంట్లో నా జీతం ఒక్కటే, నీ ఉద్యోగ పరీక్ష నాలుగు నెలల్లో ఉంది. బూడిద బుధవారం పొద్దున నేను అడగకుండానే నువ్వే గిటారు తెచ్చి ఇచ్చావు, లెంటు కదక్కా అని. మన ఇళ్ళలో పద్ధతే అది. ఈస్టరుకు ఇస్తానని చెప్పి, నాన్న ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన అయ్యాక, తెల్ల చొక్కాతో వచ్చి నా ఎదుట నిలబడ్డావు. "ఈస్టరు వచ్చేసింది కదక్కా," అన్నావు. అంతే అన్నావు. పరీక్ష అయ్యాక అన్నాను. నువ్వు తలూపి వెళ్ళిపోయావు. దేవునికి ఇచ్చిన నలభై రోజులు అయిపోయాయి. ఆ తర్వాతివన్నీ దేవుని పేరు మీద నేను తీసుకున్న రోజులు.

పరీక్ష రాయడానికి నువ్వు కలకత్తా వెళ్ళావు. వీసా వస్తే ఆస్ట్రేలియా పోతామని రాబిన్ వాళ్ళు ఏడాదిగా అంటూనే ఉన్నారు. ఆ వారమే వచ్చింది. నువ్వు ఊళ్ళో లేని రెండో రోజు రాబిన్ మన క్వార్టరుకు వచ్చాడు. ఆ రాత్రి బండికే ప్రయాణం, నీకోసం కాసేపు కూర్చుంటానన్నాడు. నువ్వు రేపటిదాకా రావని చెప్పాను. అది నిజమే. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి గిటారు తీసి వాడి చేతిలో పెట్టాను. "మావాడికి దీంతో ఇక పని లేదు. తిరిగి ఇచ్చెయ్యమన్నాడు," అన్నాను.

"వాడే అన్నాడా, దీదీ?" అని అడిగాడు.

"వాడే అన్నాడు," అన్నాను.

వాడు గిటారును ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఒక కాగితం అడిగి, వెళ్ళబోయే ఊరి చిరునామా రాసి, "వాడికి ఇవ్వండి, వాడికి ఇష్టమైతే రాస్తాడు. నేను ముందు రాయను, విసిగించినట్టవుతుంది," అన్నాడు. వాడు సందు మలుపు తిరిగాక ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాను.

ఫలితం వచ్చాక నువ్వు పెట్టె తాళంచెవి అడిగావు. గిటారును చెద తినేసింది, పారేశానని చెప్పాను. చెద తినలేదు. పెట్టెలో చెద లేనే లేదు.

నువ్వు కొన్ని నెలలు పోస్టుమాను వచ్చే వేళకు గుమ్మంలో నిలబడేవాడివి. ఒకరోజు లోపలికి వచ్చి, "రాబిన్ మర్చిపోయాడక్కా," అన్నావు. నేను బియ్యం ఏరుతున్నాను. "అలాంటివాళ్ళు అంతే," అన్నాను. ప్రభుదాసూ, రాబిన్ మర్చిపోలేదు. నువ్వే వాడిని వద్దనుకున్నావని వాడు అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఇద్దరి మధ్యా నిలబడి ఆ పని చేసింది నేను. నీ ఉద్యోగం కోసం చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ గిటారు లేకుండా చేయడానికి పెట్టెకు తాళం చాలు. స్నేహం తెంపనక్కర్లేదు. నా కోపం ఆ సంగీతం మీద కూడా కాదు. ఇంట్లో మరెవరి దగ్గరా లేని సంతోషం నీ ముఖంలో ఒక్క ఆ వాయింపు దగ్గరే కనపడేది. దానికి నాకు కడుపుమంట. ఇంతకంటే సూటిగా రాయడం నాకు చేతకాదు.

ఇదంతా విని షారోన్ ఏమందో తెలుసా? కళ్ళు తుడుచుకోలేదు, నన్ను ఓదార్చలేదు.

"ఖరగ్‌పూర్ తాతయ్యకి చెప్పావా?" అంది.

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నావు అమ్మమ్మా?"

లేచి బీరువా తెరిచి దాని డిస్కు దానికి ఇచ్చేశాను. మర్నాడు ఆటో కట్టించుకుని సమర్పణరావు గారింటికి వెళ్ళాను.

"ఈ శనివారం నుంచి మళ్ళీ మొదలుపెడుతున్నాం," అని చెప్పాను.

"అదేంటమ్మగారండి! మీరే కదండీ ఆపించింది?"

"నేనే. తొందరపడ్డాను."

"మరి సంఘంలో అడిగితే ఏం చెప్పమంటారండి?"

"సుగుణమ్మ మాట మార్చిందని చెప్పండి. ఆ పాడినవాళ్ళలో చాలామంది చర్చిలో పాడి పెరిగినవాళ్ళే. ఒకసారి మీరే వినండి."

"నాకు ఇంగ్లీషు అంతగా రాదండి."

"నాకు వచ్చు. మాటలు రాకపోతే ఇంకా నయం. మనిషి ఏడుస్తున్నాడు, అంతవరకు తెలుస్తుంది. మంచి శుక్రవారం మనం చేసే పని అదే కదా?"

ఆయన గడప దాకా నాతో వచ్చి, "ఎన్నింటికొస్తుందండి?" అన్నారు. ఆ తర్వాత విన్నారో లేదో నాకు తెలియదు. అభ్యంతరం మాత్రం మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నిన్ను అడగవలసింది ఒకటుంది. షారోన్‌కు ఒక ఆలోచన వచ్చింది. రైలు కాలనీల్లో ఆ రోజుల్లో కుర్రాళ్ళు ఈ పాటలు ఎలా నేర్చుకున్నారో ఒక శనివారం గంటసేపు చెబుతుందట. నీకు ఫోను చేసి నీ గొంతుతోనే చెప్పిస్తుందట. రాబిన్ పేరు చెప్పి, వాడు ఎక్కడున్నాడో ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే తెలియజేయమని అడుగుతుందట. దూరదేశాల్లో మనవాళ్ళు ఫోనులో వింటారు కనుక ఆశ ఉందంటుంది. నాకు ఆశ ఉందో లేదో తెలియదు. వాడు బతికి ఉన్నాడో లేదో కూడా తెలియదు. చిరునామాలో ఒక్క అక్షరమైనా గుర్తు తెచ్చుకోవాలని ఈ మూడు వారాలు ప్రయత్నించాను. నేను దాన్ని చదవకుండానే కాల్చేశాను.

నువ్వు సరే అనేదాకా షారోన్ నీకు ఫోను చెయ్యదు. నీ పేరు, వాడి పేరు రేడియోలో చెప్పదు. నేను చెయ్యనివ్వను. ఒకసారి నీ తరఫున నేను మాట్లాడాను, ఇక మాట్లాడను. వద్దంటే వద్దు. కారణం కూడా రాయనక్కర్లేదు. కోపం వస్తే ఉత్తరం నిండా కోపమే రాయి, నేను మొత్తం చదువుతాను. సరే అంటే మాత్రం నేను చేసింది దాచకుండా చెప్పాలి. "ఏదో పొరపాటు జరిగింది" అని నన్ను కాపాడవద్దు. నీకు ఆ అలవాటుంది.

ఇంకొక మాట. ఇక్కడ ప్రభు భోజనం ఉన్న ఆదివారానికి ముందురోజు పాస్టరుగారికి పేరు ఇచ్చే పద్ధతి ఇంకా ఉంది. నీ దగ్గర ఈ సంగతి ఒప్పుకోకుండా బల్ల దగ్గరికి వెళ్ళకూడదని మొన్న శనివారం నేను పేరు ఇవ్వలేదు. ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి బల్ల దగ్గరికి లేచారు. నా మోకాలు నొప్పేమోనని రాణి చెయ్యి అందించింది. నొప్పి కాదని చెప్పి బెంచీలోనే కూర్చున్నాను. చిన్నప్పుడు చర్చిలో నిర్ధారణ పొంది మొదటిసారి బల్ల దగ్గరికి వెళ్ళిన నాటి నుంచి నేను కూర్చుండిపోవడం ఇదే మొదలు. ఇది నిన్ను తొందరపెట్టడానికి రాయలేదు. నువ్వు క్షమించినా క్షమించకపోయినా అది నీకూ దేవునికీ మధ్య సంగతి. దాని బరువు నీ మీద పెట్టను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఖరగ్‌పూర్‌లో నా మంచం పక్క గూట్లో పాత కళ్ళద్దాలు ఉండిపోయాయి. ఎవరైనా ఇటు వస్తే పంపు. ఎవరూ రాకపోతే నువ్వే తెచ్చినా సరే. స్టేషనుకు వీర్రాజు గారు స్కూటరు మీద వస్తానన్నారు, కానీ నువ్వు ఆటో ఎక్కు.

సుందరమ్మ పిన్నికి నా నమస్కారాలు. మరదలికి, పిల్లలకు ఆశీస్సులు. రాణి, షారోన్ నీకు వందనాలు చెప్పమన్నారు. నీ ప్రార్థనలో నన్ను తలుచుకోమని ప్రతిసారీ రాసేదాన్ని. ఈసారి నీకు వీలైతేనే తలుచుకో.

ఇప్పటిదాకా నీకు రాసిన ప్రతి ఉత్తరం కింద "నీ మేలు కోరే అక్క" అని సంతకం పెట్టాను. ఇప్పుడు కూడా కలం అలవాటుగా అక్కడికే పోయింది. ఆపి, పేరు మాత్రం రాస్తున్నాను.

సుగుణ